ఫస్టియర్ ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్: ముందే చూసుకోవాల్సినవి

అనాటమీ, ఫిజియాలజీ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. పుస్తకమంతా తిరగేసేముందు ఇవి సరిచూసుకోండి.

• ఎముక కుడిదో ఎడమదో ముందు తేల్చండి. సైడ్ తప్పితే తర్వాత చెప్పేదంతా తారుమారే. క్లావికిల్ (కాలర్‌బోన్) అయితే చదునైన కొస భుజం వైపు, లావుపాటి కొస స్టెర్నమ్ (రొమ్ము ఎముక) వైపు, సబ్‌క్లేవియస్ కండరం అతుక్కునే గాడి కిందికి, లోపలి సగంలోని ఉబ్బు ముందుకు ఉండాలి. మీ ఒంటికే ఆనించి చూపించండి, టెన్షన్‌లో కూడా దిక్కులు తప్పవు.

• బీపీ చూసేటప్పుడు ముందు నాడి పట్టి సిస్టోలిక్ (పై అంకె) అంచనా వేయండి, తర్వాతే స్టెత్. కొందరిలో శబ్దాలు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతాయి. నేరుగా వింటే సిస్టోలిక్ తక్కువ రాసేస్తారు.

• రక్తకణాలు లెక్కించే పిపెట్ (రక్తం పీల్చే గాజు గొట్టం) మీద అంకె చూడండి: తెల్లకణాలకు 11, ఎర్రకణాలకు 101. మారితే కౌంట్ మొత్తం పోయినట్టే.

• హీమోగ్లోబిన్ కొలిచే సాలీ పద్ధతిలో ఆమ్లంలో రక్తం కలిపాక 10 నిమిషాలు ఆగండి. తొందరపడితే హీమోగ్లోబిన్ తక్కువ వస్తుంది.

• డిసెక్షన్ హాల్లో ఫోన్ బయటికి తీయొద్దు. ఆ దేహం మన చదువు కోసం ఎవరో ఇచ్చిన దానం కావచ్చు. ఇందులో మినహాయింపు లేదు.

• కాంటాక్ట్ లెన్సులు వద్దు, దేహం పాడవకుండా వాడే ఫార్మలిన్‌కి కళ్లు మండుతాయి.