మేత జొన్న, నేపియర్ గడ్డి ఆకులకు చిల్లులు: కత్తెర పురుగేనా?

మా పత్తికొండ వైపు బోరు కింద కాస్త సూపర్ నేపియర్, మెట్టలో మేత జొన్న వేసుకుంటాం. ఆకు చిరిగిందని టెన్షన్ పడి వెంటనే మందు కొట్టొద్దు. మేత మీద కొట్టింది ఏదైనా రేపు గేదె నోట్లోకే పోతుంది.

సమస్య: ఆకు మీద పచ్చదనం గీకేసినట్టు తెల్లటి పొర.
కారణం: అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కత్తెర పురుగు పిల్లలు. దగ్గర్లోనే బూజు కప్పినట్టు గుడ్ల ముద్ద ఉంటుంది, ఒక్కోదాంట్లో వందకు పైగా గుడ్లు.
పరిష్కారం: మంచి అదను ఇదే. గుడ్ల ముద్దలు నలిపేయండి. 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, సాయంత్రం సుడి (మొక్క నడిమిన చుట్టుకుని ఉండే లేత ఆకులు) తడిసేలా కొట్టండి.

సమస్య: ఆకులకు పెద్ద చిల్లులు, సుడిలో తడి రంపపు పొట్టు లాంటి పురుగు రెట్ట.
కారణం: ఎదిగిన కత్తెర పురుగు. పగలు సుడిలో దాక్కుంటుంది కాబట్టి పొద్దుగూకాక టార్చి పట్టుకుని వెళ్లండి. సుడి ఆకులు విప్పితే ఆ పొట్టు వేలికి అంటుకుంటుంది, దాని కిందే పురుగు. తల మీద తలకిందులుగా రాసిన ఇంగ్లీషు వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అదే. మన దేశంలో దీన్ని మొదట 2018లో కర్ణాటకలో గుర్తించారు. రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. అందుకే నిన్న లేని చేలో ఇవాళ కనపడుతుంది.
పరిష్కారం: నేపియర్ అయితే మొదలంటా కోసి మేపేయండి, మళ్లీ చిగురు వస్తుంది. కోశాక సాళ్ల మధ్య గుంటక తోలితే మట్టిలోని కోశాలు (పురుగు రెక్కల పురుగుగా మారే గూళ్లు) బయటపడి ఎండకు చస్తాయి, కొంగలూ ఏరుకుంటాయి. గింజ మొక్కజొన్నలో వేసే తవుడు, బెల్లం విషపు ఎర మాత్రం మేత చేలో వద్దే వద్దు. బెల్లం వాసనకు పశువులే ముందు వస్తాయి. రసాయన మందు తప్పదనుకుంటే, కొట్టాక ఎన్నాళ్లకు మేపొచ్చో రైతు సేవా కేంద్రంలో అడిగాకే కొట్టండి.

సమస్య: జొన్న మొవ్వు ఎండి, లాగితే ఊడొస్తోంది.
కారణం: ఇది కత్తెర పురుగు కాదు. మొవ్వు ఈగో, కాండం తొలుచు పురుగో.
పరిష్కారం: ఆ మొక్కలు పీకి తగలబెట్టండి, పశువులకు వేయొద్దు.

సమస్య: పురుగు తిన్న జొన్న మళ్లీ పిలకలేసింది, మేపొచ్చా?
మేపొద్దు. లేత జొన్నలో, ముఖ్యంగా బెట్టకు వాడి మళ్లీ చిగిర్చిన పిలకల్లో, నాము (సైనైడ్ విషం) ఎక్కువ. పూత వచ్చేదాకా పశువులను ఆ చేలోకి తోలొద్దు. పొరపాటున తిని ఆయాసపడుతూ తూలితే ఇంటి వైద్యంతో గంట పోగొట్టకుండా పశువుల డాక్టరును పిలవండి. దీనికి సోడియం థయోసల్ఫేట్ సూది ఉంది, నిమిషాల్లో పడితేనే పశువు దక్కుతుంది.