ఎండకు ఇంజన్ వేడెక్కదు: ఊళ్ళోనే తిరిగే డీజిల్ పికప్‌కు సమస్య - కారణం - పరిష్కారం

పొద్దున ఇంటి నుంచి మార్కెట్ యార్డుకు మూడు కిలోమీటర్లు. అక్కడ గంటసేపు ఆపడం. యార్డు నుంచి అంగడికి రెండు, మధ్యాహ్నం పిల్లల బడికి ఇంకో రెండు. అనంతపురం, కర్నూలు, కడపలో బొలెరో పికప్పో, యోధానో, దోస్తో, ఇట్లాంటి చిన్న సరుకు బండి కొని దాన్నే కారుగా కూడా వాడుకునేవాళ్ళ బండి ఇట్లాగే తిరుగుతుంది. నెలాఖరుకు మీటరు చూస్తే మూడు నాలుగొందల కిలోమీటర్లు. "పెద్దగా తిరగని బండికి ఏం రోగం వస్తుంది" అనుకుంటారు. రోగం తిరగకపోవడంలోనే ఉంది.

డీజిల్ ఇంజన్ కూలెంట్ 80-90 డిగ్రీలకు రావాలంటే ఊళ్ళో నాలుగైదు కిలోమీటర్లు పోవాలి. ఆయిల్ వేడెక్కడం అంతకన్నా ఆలస్యం. సైలెన్సర్ గొట్టం అసలు వేడి అందుకునేలోపే మనం తాళం తిప్పి దిగిపోతాం. "మాది ఎండల ఊరు, మే నెలలో 42 డిగ్రీలు, ఇంజన్ చల్లగా ఎట్లా ఉంటుంది" అనే మాట షెడ్లలో తరచూ వినబడుతుంది. బయటి ఎండతో కూలెంట్ కాస్త తొందరగా వేడెక్కుతుంది, అంతే. డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే జల్లెడలో) పట్టిన మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీలు కావాలి. దాని ముందర బయట 20 అయితేనేమి, 42 అయితేనేమి. కింద చెప్పే తిప్పల్లో సగం ఈ ఒక్క లెక్కలోంచే పుడతాయి.

డీపీఎఫ్ లైటు వెలుగుతోంది

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉంటుంది. పొగలోని మసిని పట్టి ఉంచి, నిండాక కాల్చేసే జల్లెడ అది. కాల్చడానికి కంప్యూటర్ సిలిండర్లలోకి కొంచెం డీజిల్‌ను ఆలస్యంగా చిమ్ముతుంది. ఆ డీజిల్ సైలెన్సర్ దారిలో మండి వేడి పుట్టిస్తుంది. ఈ పని పూర్తి కావాలంటే బండి పది, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మూడు కిలోమీటర్ల ప్రయాణంలో అది మొదలైనా మధ్యలోనే తెగిపోతుంది.

లైటు నిలకడగా వెలుగుతూ, బండి లాగే పికప్ బాగానే ఉంటే పని సులువే. ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉందో లేదో చూసుకోండి. తక్కువుంటే చాలా బండ్లు మసి కాల్చడం మొదలే పెట్టవు. ఇంజన్ వేడెక్కాక హైవే ఎక్కండి: కర్నూలులో అయితే ఓర్వకల్లు వైపు, కడపలో మైదుకూరు వైపు, అనంతపురంలో గుత్తి వైపు. గంటకు 60 కిలోమీటర్ల అటూఇటూ వేగం, ఇంజన్ 2000-2500 ఆర్‌పీఎం మధ్య ఉండాలి. టాప్ గేరులో ఇంజన్ మూలుగుతూ ఉంటే ఒక గేరు తగ్గించండి. 25-30 నిమిషాలు ఆపకండి. లైటు ఆరేదాకా ఇంజన్ కట్టేయకండి. (టోల్ గేటుకు ముందు యూ టర్న్ ఎక్కడుందో చూసుకుని బయలుదేరితే మసికి సుంకం కట్టే పని తప్పుతుంది.) బండిలో సరుకు ఉన్న రోజున ఈ పని పెట్టుకుంటే ఇంకా మేలు. లోడు మీద పొగ వేడి ఎక్కువ, మసి తొందరగా కాలుతుంది.

లైటు మిణుకుతున్నా, పికప్ పడిపోయినా, తోడుగా చెక్ ఇంజన్ లైటు వచ్చినా హైవే వైద్యం చేయొద్దు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న చోటికే పోవాలి. అక్కడ బండిని నిలబెట్టి మసి కాల్పిస్తారు. అంతకు ముందు రెండు పనులు చేయించండి. ఒకటి, ఆయిల్ మట్టం చూడటం. రెండు, డీపీఎఫ్ ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సరుకు పోయే సన్న రబ్బరు గొట్టాలు పగిలాయా, ఊడాయా అని చూడటం. ఆ గొట్టం పగిలితే ఖాళీ డీపీఎఫ్ కూడా నిండినట్టు కనిపించొచ్చు. డీపీఎఫ్ మార్చాలని ఎవరైనా అంచనా రాసిచ్చే ముందు, స్కానర్‌లో మసి శాతం, ఒత్తిడి అంకెలు మీ కళ్ళతో చూడండి.

మసి కాలుతున్నప్పుడు గుర్తులు: ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజన్ వేగం) కొంచెం పెరుగుతుంది, రేడియేటర్ ఫ్యాన్ ఊరకే తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఇల్లు చేరేసరికి ఇవి కనిపిస్తే ఇంకో చుట్టు తిరిగి రండి. ఆ వేడి మీద బండిని బుడ్డల (వేరుశనగ) కట్టె వామి పక్కనో, ఎండు గడ్డి మీదో నిలపొద్దు. నిప్పంటుకుంటుంది.

పొద్దున్నే ఇంటి ముందర పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి పెడితే డీపీఎఫ్ బాగుపడుతుందనేది ఉత్త మాట. ఐడిల్‌లో పొగ వేడి చాలదు, మసి మాత్రం చేరుతుంది. అర నిమిషం చాలు. తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా నడపండి.

డీపీఎఫ్ పొట్ట కోసి లోపలి దిమ్మ పీకేస్తామనే షెడ్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కంపెనీ అమర్చిన రూపాన్ని ఇట్లా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తప్పు. పైగా సెన్సర్లు ఊరుకోవు కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా మార్చాల్సి వస్తుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వేళకు తలనొప్పి మీదే.

ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

దీన్ని చూసి సంతోషపడేవాళ్ళూ ఉన్నారు. మసి కాల్చడానికి ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంబడి జారి ఆయిల్‌లో కలుస్తుంది. కాల్చడం సగంలో తెగితే రేపు మళ్ళీ మొదటి నుంచి చిమ్ముతుంది. అట్లా నెలల తరబడి సాగితే ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి.

చూసే పద్ధతి ఇది. చదును నేల మీద బండి నిలిపి, ఇంజన్ కట్టి పది నిమిషాలు ఆగండి. ఆయిల్ గేజి తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయండి. పై గీత దాటిందంటే అనుమానించాలి. చివర ఉన్న బొట్టును వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. డీజిల్ వాసన తెలిసిపోతుంది. ఇంకో బొట్టు న్యూస్‌పేపర్ తెల్ల అంచు మీద వేసి గంట తర్వాత చూడండి. మధ్యలో నల్ల మచ్చ, దాని చుట్టూ పలుచటి జిడ్డు వలయం దూరంగా పాకి ఉంటే డీజిల్ కలిసిందనే. ఇది ల్యాబు పరీక్ష కాదు కానీ, షెడ్డుకు పోవాలా వద్దా అనేది తేలుస్తుంది.

పై గీత దాటిన ఆయిల్‌ను కొంచెం తీసి మట్టం సరిచేయడం వైద్యం కాదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాలి. 2.5 లీటర్ల ఇంజన్లకు సుమారు ఆరు లీటర్లు పడుతుంది, కచ్చితమైన లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయించండి: పుస్తకం అడిగినదాన్ని బట్టి డబ్బా మీద ఏసీఈఏ సీ3 అనే రకం గానీ, ఏపీఐ సీకే-4 అనే రకం గానీ. పాత బీఎస్-3 బండికి పోసే డబ్బానే దీనికీ వంచితే డీపీఎఫ్‌లో బూడిద పేరుకుంటుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు.

ఊళ్ళో తిరుగుడే ఎక్కువైతే ఆయిల్ మార్చే కిలోమీటర్లను సగానికి తగ్గించుకోండి. కిలోమీటర్లు కాకపోయినా ఆరు నెలలకు మార్చండి. ఆయిల్ పోసే మూత లోపలి వైపు మజ్జిగ నురుగు లాంటిది కనిపిస్తే, ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపలి చెమ్మ ఆరలేదన్నమాట. ఒక మంచి హైవే ప్రయాణం తర్వాత అది పోతుంది. పోకుండా, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ తలకూ బ్లాకుకూ మధ్య బిగించే పలక) చూపించాలి.

టెంపరేచర్ ముల్లు మధ్యకు రావడం లేదు, మైలేజీ పడిపోయింది

అనుమానించాల్సింది థర్మోస్టాట్‌ను, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని మూతను. ఎండల ఊళ్ళో ఇంజన్ కాగిపోతుందని దాన్ని పీకి పారేయడం మన వైపు షెడ్లలో ఉన్న పాత అలవాటు. పీకేస్తే చల్లని కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు పోతుంది, ఇంజన్ ఎప్పటికీ తన వేడికి రాదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి ఎక్కువ చేస్తుంది. ఇంజన్ వేడి చాలదని కంప్యూటర్ డీపీఎఫ్ కాల్చడమే మానేస్తుంది. డీపీఎఫ్ మాటిమాటికీ నిండే బండికి మొదట చూడాల్సింది ఇదే. చాలామంది చిట్టచివర చూస్తారు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొద్దున చల్లటి ఇంజన్ ఆన్ చేసి, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా పెట్టుకుని, రేడియేటర్ పై గొట్టం తాకి చూడండి. థర్మోస్టాట్ మంచిదైతే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతూ ఉంటే అది తెరుచుకునే ఉంది, లేదా అసలు లేదు.

విప్పి చూస్తే ఇంకా నమ్మకం. థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. దాన్ని దారంతో గిన్నె నీళ్ళలో అడుగు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద కాచండి. చల్లటి నీళ్ళలో పూర్తిగా మూసుకుని ఉండాలి. ఆ అంకె దగ్గర్లో తెరుచుకోవడం మొదలై, నీళ్ళు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి. అట్లా కాకుంటే మార్చండి, దాంతోపాటు గ్యాస్‌కెట్ కూడా. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపింది పోయాలి, బోరు నీళ్ళు వద్దు. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ లోపల పొలుసు కడుతుంది. థర్మోస్టాట్ పెట్టగానే బండి కాగిపోతోందంటే తప్పు థర్మోస్టాట్‌ది కాదు. రేడియేటరో, ఫ్యాన్ క్లచ్చో, వాటర్ పంపో చూపించండి.

సెల్ఫ్ నీరసంగా కొడుతోంది

ఒక్కసారి సెల్ఫ్ కొడితే పోయే కరెంటు మనం అనుకున్నంత కాదు. 250 ఆంపియర్లు మూడు సెకన్లు లాగినా లెక్క 0.2 ఆంపియర్ అవర్ చిల్లరే. తిప్పలు పెట్టేది దాని తర్వాతి వాడకం: ఏసీ, ఫ్యాన్, లైట్లు, పాటలు వేసుకుని ఐడిల్‌లో పాకడం, మళ్ళీ ఆపడం, మళ్ళీ సెల్ఫ్. బ్యాటరీ ఎప్పుడూ ముప్పావుకే ఉండిపోతుంది, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఎండకు నీళ్ళు ఇగరడం దాని మీద అదనం.

మల్టీమీటరు ఉంటే ఐదు నిమిషాల పని. రాత్రంతా ఆపిన బండికి పొద్దున 12.6 వోల్టులు ఉంటే మంచిది, 12.4 అయితే ఛార్జింగ్ పెట్టాలి, 12.2 అంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తుంటే 13.8-14.4 రావాలి. కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి తగ్గించి ఇస్తుంది కాబట్టి హెడ్‌లైట్లు వేసి కొలవండి. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ ఈడ్చుకుంటోందంటే, బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ ఒంటికీ మధ్య సెల్ఫ్ కొడుతుండగా కొలవండి. 0.5 వోల్టు దాటితే ఎర్తు తీగ చెడినట్టే. తుప్పు గీకి బిగిస్తే చాలాసార్లు అంతటితో సరి.

నెలకోసారి బయటి ఛార్జర్‌తో రాత్రంతా పెట్టండి. 80 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 8 ఆంపియర్లు మించొద్దు. ప్లేట్లు తేలి ఉంటే ముందు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోసి, గుర్తు దాకా నింపడం మాత్రం ఛార్జింగ్ అయ్యాక చేయండి. ఆర్వో నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ కాదు.

నల్ల పొగ, పికప్ లేదు

ముందు ఎయిర్ ఫిల్టర్. మన దుమ్ముకు పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. గాలి కొట్టేటప్పుడు లోపల్నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో. కాగితం చిరిగితే అది ఫిల్టర్ కాదు. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టాల క్లిప్పులు చూడండి. ఆయిల్ జిడ్డు మీద దుమ్ము అంటి నల్లగా ఉన్న చోటే గాలి లీకు. ఈ రెండూ బాగుంటే ఈజీఆర్ వాల్వు, అంటే పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వు. చల్లటి ఇంజన్ పొగ మసి అందులో తారు లాగా పట్టి వాల్వు ఇరుక్కుంటుంది. విప్పి కార్బన్ క్లీనర్‌తో కడిగి, కొత్త గ్యాస్‌కెట్‌తో బిగించాలి. కరెంటు మోటారు ఉన్న వైపు క్లీనర్ పడకూడదు. రేకు ముక్క అడ్డం పెట్టి మూసేయడం బీఎస్-6 బండిలో చెక్ ఇంజన్ లైటును కొనుక్కోవడమే.

యాడ్‌బ్లూ నాజిల్ దగ్గర తెల్లటి ఉప్పు

పొగలోని విషవాయువులు తగ్గించడానికి సైలెన్సర్ దారిలో చిమ్మే ద్రవం యాడ్‌బ్లూ; అది వాడే బండ్లకే ఈ తిప్పలు. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. పొగ వేడి చాలనప్పుడు చిమ్మితే గడ్డకట్టి ఉప్పు పేరుకుంటుంది. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో కరుగుతుంది, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. కొంచెమే తిరిగే బండికి ట్యాంకు నిండా పోయించకండి. 35 డిగ్రీల వేడిలో ఇది ఆరు నెలలకే పాడవుతుంది. పొలం యూరియా నీళ్ళలో కలిపి పోసే ప్రయోగం అసలే వద్దు. మన దేశంలో 2015 నుంచి అమ్మే యూరియా వేపనూనె పట్టించింది, పంపూ నాజిలూ రెండూ పోతాయి.

డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళ లైటు

సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలిపే బండ్లలో చెమ్మ చేరుతుంది. డ్రమ్ముల్లో దాచిన డీజిల్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఫిల్టర్ కింది మరను వదులు చేసి, ఓ 200 మిల్లీలీటర్లు గాజు సీసాలోకి పట్టి నిలపండి. నీళ్ళు అడుగుకు దిగుతాయి. డీజిల్ మాత్రమే వచ్చేదాకా వదిలి, మర బిగించి, చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి, అప్పుడు సెల్ఫ్ వేయండి. లైటును పట్టించుకోకుండా నడిపితే ఇంజెక్టర్ల ఖర్చు మీద పడుతుంది.

ఖాళీ బండి ఎగురుతోంది

టన్నున్నర సరుకుకు కొట్టించిన గాలితోనే బడికి పోతే వెనక స్ప్రింగు కట్టలు వంగవు, చక్రాలు నేల మీద నిలవవు. వాన పడిన రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక భాగం జారుతుంది, టైర్లు నడుమ మాత్రమే అరుగుతాయి. డ్రైవర్ తలుపు అంచున అతికించిన పట్టీలోనో, బండి పుస్తకంలోనో ఖాళీకి ఒక లెక్క, లోడుకు ఒక లెక్క ఉంటుంది. ఖాళీ లెక్క ప్రకారం తగ్గించండి. సరుకు ఎక్కించే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే మళ్ళీ కొట్టించండి.