లాజ్లో "బ్యాట్!" అన్నాడు, మనింట్లో ఎవరూ నవ్వలేదు: సమస్య - పరిష్కారం

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక విజయవాడ సత్యనారాయణపురంలోని మా హాల్లో చాప వేసుకుని ‘వాట్ వుయ్ డూ ఇన్ ద షాడోస్’ చూడటం ఏడాదిగా అలవాటు. అమెరికాలో ఎఫ్ఎక్స్ చానెల్లో 2019 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా ఆరు సీజన్లు వచ్చిన కామెడీ సీరియల్ ఇది. న్యూయార్క్‌లో ఓ మూలనున్న స్టాటెన్ ఐలాండ్, అందులో ఒక పాత బంగళా, వందల ఏళ్లుగా చావకుండా అక్కడ కాపురముంటున్న వాంపైర్లు, వాళ్లకు చాకిరీ చేసే ఒక మనిషి. కథ పెద్దగా కదలదు. పదే పదే తిరిగొచ్చే జోకుల మీదే బండి నడుస్తుంది.

మా చాప మీద కూర్చునేది నేను, చెల్లెలు, గుంటూరు నుంచి రైలెక్కి వచ్చే బావ, వాళ్లమ్మ అంటే మా మేనత్త. ఒకరు నవ్వితే మిగతా ముగ్గురు "ఏంటి? ఏంటి?" అంటారు. ఆపి, వెనక్కి తిప్పి, జోకు విడమరిచి చెప్తే అప్పుడు ఆ నవ్విన ఒక్కరికీ నవ్వు పోతుంది. అందుకని ఎక్కడ బెడిసికొడుతోందో రాసుకోవడం మొదలుపెట్టాను. లోపం జోకులో ఉన్న సందర్భాలు తక్కువ. మనం ఎక్కడ కూర్చున్నాం, ఎప్పుడు చేరాం, ఏం దాటేశాం అన్న దాంట్లోనే ఎక్కువసార్లు దొరికింది. కథలో మలుపులు ముందే తెలిస్తే కోపం వచ్చేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

"బ్యాట్!" అని అరిస్తే ఇంట్లోవాళ్లు ఇంకేదో అనుకుంటున్నారు

లాజ్లో అనే ఇంగ్లిష్ దొర ఎగిరిపోయే ముందు "బ్యాట్!" అని అరిచి గబ్బిలంగా మారతాడు. మొదటిసారి ఆ అరుపు వినగానే మా అత్త వంటింట్లోంచి దోమల బ్యాట్ పట్టుకొచ్చింది. "ఛార్జింగ్ తక్కువుందిరా, చూసి కొట్టు" అంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ పారే ఊళ్లో రాత్రి తొమ్మిదింటికి ఎవరైనా బ్యాట్ అని అరిస్తే ఆవిడ మాత్రం ఇంకేం అనుకుంటుంది?

ఇందులో మాట తెలియకపోవడం సగం కారణమే. మనకు బ్యాట్ అంటే క్రికెట్‌ది, కాకపోతే దోమలది. అది తెలిశాక కూడా నవ్వు రాలేదంటే రెండో సగం చూడాలి. రూపం మారడమంటే మంత్రం చదవాలి, పొగ రావాలి, ఉరమాలి అని మనకో లెక్క ఉంది. ఈయన మాత్రం కండక్టరు "బెంజ్ సర్కిల్!" అని కేకేసినట్టు కాబోయేదాని పేరు చెప్పేసి వెళ్లిపోతాడు. చాటుగా పారిపోతున్నా సరే, ఆ కేక వేయాల్సిందే.

"బ్యాట్ అంటే గబ్బిలం" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. రెండోసారి చెప్పొద్దు. చెల్లెలికి మూడో అరుపుకి అందింది, అత్తకు అయిదో అరుపుకి. దోమల బ్యాట్ తేవడం మాత్రం ఆవిడ మానలేదు.

సబ్‌టైటిల్ చదివినవాళ్లు నవ్వడం లేదు, విన్నవాళ్లు నవ్వుతున్నారు

ఇది మే నెల జబ్బు. కూలర్ హోరులో మాట వినపడక అందరం కింది అక్షరాలే చదువుతాం. లాజ్లోగా వేసిన మ్యాట్ బెర్రీ సరుకంతా గొంతులో ఉంటుంది. "న్యూయార్క్ సిటీ" అన్న మామూలు మాటను ఆయన ఎక్కడో ఎత్తుకుని, చివరి అక్షరాన్ని సాగదీసి, వంకర తిప్పి దింపుతాడు. సబ్‌టైటిల్‌లో అది ఊరి పేరు, అంతే.

పౌరాణిక నాటకంలో పద్యం పుస్తకంలో నాలుగు పాదాలే. స్టేజీ మీద చివరి మాట పట్టుకుని నటుడు అయిదు నిమిషాలు రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని లేస్తారు. ఇదీ ఆ కోవలోదే. కూలర్ స్పీడు తగ్గించి, ఫ్యాను కిందకు చాప జరిపి, సౌండు పెంచండి. చెమట పడితే పట్టనివ్వండి.

ఆ కుర్రాడు మాటిమాటికీ మనకేసి చూస్తాడేంటి?

వాంపైర్లకు చాకిరీ చేసే ఆ మనిషి, గియర్మో మీద బావ వేసిన మొదటి ప్రశ్న ఇదే. కారణం తేలిక: ఇది డాక్యుమెంటరీలా తీసిన సీరియల్ అని బావకు ఎవరూ చెప్పలేదు. 2014లో న్యూజిలాండ్‌లో జెమైన్ క్లెమెంట్, టైకా వైటీటీ తీసిన ఇదే పేరున్న సినిమాదీ ఇదే పద్ధతి. వాంపైర్ల ఇంట్లోకి కెమెరావాళ్లు వచ్చి ఉన్నారు, వాళ్లు అక్కడున్నట్టు అందరికీ తెలుసు. గియర్మో యజమాని అయిన వాంపైర్ నాండోర్ ఏదో తెలివితక్కువ పని చేస్తాడు. గియర్మో నోరెత్తలేడు. కెమెరా వైపు ఒక చూపు చూసి ఊరుకుంటాడు.

అంత చెప్పినా బావకు నవ్వు రాలేదు. బుర్రకథ గుర్తుచేశాక వచ్చింది. పద్మశ్రీ షేక్ నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు, కాబట్టి బుర్రకథంటే బావకు సొంత ఊరి సంగతి లెక్క. నడుమ కథకుడు వీరావేశంతో కథ చెప్తుంటాడు. పక్కన హాస్యం వంత ఉంటాడు. కథకుడు ఎంత పైకి లేపితే ఆయన అంత కిందికి లాగుతాడు, అదీ జనం వైపు తిరిగి. గియర్మో ఆ వంతే, కాకపోతే నోరు లేని వంత. "తందాన తాన" అనాల్సిన చోట కనుబొమ్మ ఎత్తుతాడు. ఇది పట్టుబడ్డాక బావ ఆ చూపు ఎప్పుడొస్తుందా అని ముందే కాచుకుని కూర్చుంటున్నాడు. ఇంక ఈ జబ్బు నయమైనట్టే.

కోలిన్ రాబిన్సన్ వస్తే బోరు కొడుతోంది

మీ టీవీ బాగానే పనిచేస్తోంది. బోరు కొట్టాలి. ఈయనా ఆ ఇంటి వాంపైరే, కానీ రక్తం తాగే రకం కాదు, ఎదుటివాళ్ల ఓపిక తాగే రకం. పగలు బయట తిరగ్గలడు, ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు. పనికిమాలిన వివరం ఎత్తుకుని సోది చెప్పి చెప్పి మనిషిని వాడగొడతాడు. ఆ సమయంలో కళ్లు మెరుస్తాయి. మీరు సోఫాలో జారిగిలబడ్డారంటే ఆయన భోజనం అయిందన్నమాట.

ఇంగ్లిష్ వాళ్లకు దీన్ని కొత్తగా కనిపెట్టి చెప్పాల్సి వచ్చింది. మనకు మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి: "బుర్ర తినకు", "ప్రాణం తోడేస్తున్నాడు", "నా రక్తం తాగకురా". కాబట్టి పరిష్కారంగా కొత్తగా చెప్పేదేం లేదు. మీ అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల మోటారు మీద ముప్పావుగంట మాట్లాడే పెద్దమనిషిని ఒకసారి తలుచుకోండి. మా అత్తకు తలుచుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. కోలిన్ తెర మీదకు రాగానే "మా మూడో అంతస్తాయన" అంది. ఆయన్ని ఇంట్లో అందరూ ఎప్పుడూ "కోలిన్ రాబిన్సన్" అని ఇంటిపేరుతో కలిపే పిలుస్తారన్నది కూడా జోకులో భాగమే. హాజరుపట్టీ చదివినట్టు ఉంటుంది. ఒక్కసారైనా చనువుగా పిలవాలని ఎవరికీ అనిపించదు.

అసలు నవ్వు నాలుగో సీజన్లో పేలాలి, తుస్సుమంది

మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద గొడవ రాలేదు. నాలుగో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్, 2022లో వచ్చింది. ఇళ్లు బాగుచేసే టీవీ ప్రోగ్రాం వాళ్లు వచ్చి బంగళాకు మరమ్మతులు చేస్తామంటారు. చివర్లో అందులో ఒకడు వేషం తీసి, నేను సైమన్‌ని అంటాడు. మాన్‌హాటన్ వాంపైర్ల పెద్ద ఈ సైమన్. ఇంత తతంగం ఎందుకయ్యా అంటే, ఒక టోపీ కోసం. చెల్లెలు, నేను చాప మీద దొర్లాం. బావ గోడకు ఆనుకుని "టోపీ కోసమా? ఇందులో నవ్వేదేముంది?" అన్నాడు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాను. మూడుసార్లూ అదే మాట.

నేను వెతికిన చోటల్లా తప్పే. ఎడిటింగ్ వేగం అనుకున్నాను, యాస అనుకున్నాను, బావకు నిద్రొస్తోందేమో అనుకున్నాను. అసలు సంగతేంటంటే బావ మా చాప మీద చేరింది మూడో సీజన్ సగంలో. ఆ టోపీ వచ్చింది 2019లో, మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్లో. మంత్రగత్తె చర్మంతో చేసినది, శాపం తగిలినది, పెట్టుకున్నవాడికల్లా అరిష్టం. లాజ్లోకు అదంటే ప్రాణం. భార్య నాద్యా వద్దని మొత్తుకుంటున్నా అది తలకు పెట్టుకునే మాన్‌హాటన్ బయల్దేరతాడు. అక్కడి నైట్‌క్లబ్‌లో సైమన్ కన్ను దాని మీద పడుతుంది. ఆ పడిన కన్ను మూడేళ్ల తర్వాత కూడా తీయలేదన్నదే నాలుగో సీజన్ జోకు.

ఇలాంటి జోకు చిట్టీ లాంటిది. నెలనెలా కట్టినవాడే పాటకు కూర్చోవాలి. మొదటి వాయిదాలు కట్టకుండా వచ్చి పాట పాడతానంటే ఎవరొప్పుకుంటారు? నేను చేసిన తప్పు, చివరి పాటను మూడుసార్లు వినిపించడం. చేయాల్సింది మొదటి వాయిదా కట్టించడం. ఆ రాత్రే మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ వేశాం. టోపీ కనపడగానే బావ లేచి కూర్చుని, "ఓహో, ఇదా!" అన్నాడు. నవ్వు వెనక నుంచి ముందుకు వచ్చింది. కొంచెం చల్లారి వచ్చింది గానీ, వచ్చింది.

ఏ తిరుగుడు జోకు పేలకపోయినా నేనిప్పుడు ముందు అడిగేది ఇదొక్కటే: ఇది మొదట ఎక్కడ వచ్చింది, నువ్వప్పుడు చాప మీద ఉన్నావా?

"అంత మాత్రం గుర్తుపట్టలేడా?" అంటున్నారు

రెండో సీజన్ ఆరో ఎపిసోడ్. ఎప్పుడో ఎగ్గొట్టిన అద్దె కోసం జిమ్ అనే వాంపైర్ వెతుక్కుంటూ వస్తే లాజ్లో పెన్సిల్వేనియాకు పారిపోయి జాకీ డేటోనా అనే బారు యజమాని అవతారమెత్తుతాడు. వేషమంటే జీన్స్, నోట్లో ఒక పంటిపుల్ల. తాను వట్టి మామూలు మనిషినని ఊరంతా చెప్పుకుంటాడు. జిమ్‌గా వేసింది మార్క్ హామిల్. ఎదురుగా కూర్చుని కూడా పోల్చుకోలేడు.

తర్కం అడ్డుపడుతున్నవాళ్లకు మందు మన దగ్గరే ఉంది. బుగ్గ మీద పుట్టుమచ్చ అంటించుకుని హీరో వస్తే కన్నతల్లి కూడా "ఎవరు బాబూ నువ్వు" అన్న సినిమాలు ఎన్ని చూడలేదు? మనం వాటిని నమ్మి చూశాం, వీళ్లు నమ్మనట్టు చూపించి నవ్విస్తున్నారు. తేడా అంతే. చెల్లెలు ఆ తర్వాత వారం సోంపు గిన్నెలోంచి పంటిపుల్ల తీసి నోట్లో పెట్టుకుని, "నేను మీ చెల్లెల్ని కాదు, అంట్లు నాకు సంబంధం లేదు" అంది.

మాటల జోకు చెవికి ఎక్కడం లేదు

పక్కింటి షాన్ ‘సూపర్‌బౌల్’ చూడ్డానికి రమ్మంటే వాంపైర్లు దాన్ని ‘సూపర్బ్ ఔల్’ అని విరిచి, బ్రహ్మాండమైన గుడ్లగూబను చూపిస్తారని వెళ్తారు. అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్‌ను సూపర్‌బౌల్ అంటారని తెలియకపోతే ఇది బొత్తిగా పనిచేయదు. తెలిసినా చెవికి చప్పున తట్టదు. కాగితం మీద మాట మొత్తం కలిపి రాసి, పెన్నుతో రెండు చోట్ల గీత పెట్టి చూపించండి. తెలుగు చదువుకున్నవాళ్లకు సభంగ శ్లేష అంటే చాలు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని అటు రామాయణానికీ ఇటు భారతానికీ నప్పించడానికి వాడుకున్న విద్యే ఇది. ఆయన రెండు ఇతిహాసాలు నడిపాడు, వీళ్లు ఒక గుడ్లగూబను వెతుక్కున్నారు. మొదటి ఎపిసోడ్లో అలంకరణకు వాడే క్రేప్ పేపర్‌ను నాండోర్ ‘క్రీపీ పేపర్’, అంటే ఒళ్లు జలదరించే కాగితం అనడం కూడా ఇదే బాపతు. అదే గుడ్లగూబ ఎపిసోడ్లో, మరీ ఎక్కువసార్లు వశీకరణ చేయడం వల్ల షాన్ బుర్ర గుజ్జయిపోవడం అసలు కథ. దాన్ని వదిలేయకండి.

చిన్నచిన్నవి

గియర్మోను లాజ్లో "గిజ్మో" అంటే సబ్‌టైటిల్ తప్పనుకోకండి. పదేళ్లు చాకిరీ చేసినవాడి పేరు సరిగ్గా పలకకపోవడమే జోకు.

మొదటి సీజన్ విచారణ ఎపిసోడ్లో టిల్డా స్వింటన్, డానీ ట్రెహో, వెస్లీ స్నైప్స్ వంటివాళ్లు వాంపైర్ల పెద్దలుగా తమ సొంత పేర్లతోనే కూర్చుంటే ముఖం తెల్లబోతోందా? వాళ్లంతా వేరే చోట్ల వాంపైర్లకు సంబంధించిన వేషాలు కట్టినవాళ్లే. ‘బ్లేడ్’ సినిమాలో స్నైప్స్ వాంపైర్లను వేటాడేవాడిగా వేసిన సంగతి ఒక్కటి చెప్తే చాలు, వీడియో కాల్లో సిగ్నల్ సరిగా అందక ఆయన పడే తిప్పలు దానంతట అదే నవ్విస్తుంది.

తోటలో లాజ్లో కత్తిరించిన మొక్కల ఆకారాలు కనపడినప్పుడు అత్త "అవేం చెట్లురా?" అని అడిగింది. దీనికి పరిష్కారం లేదు. "క్రోటన్లు అత్తా" అన్నాను.

నిన్నటిదాకా నవ్వారు, ఇవాళ ఎవరూ నవ్వడం లేదు

సంక్రాంతి సెలవుల్లో ఒకే రాత్రి తొమ్మిది ఎపిసోడ్లు వేశాం. ఆరోదానికి "బ్యాట్!" అన్నా ఎవరూ తలెత్తలేదు. వారం వారం చూడటానికి రాసిన జోకును గంటకు రెండుసార్లు మింగితే అది జోకు కాదు, గోడ గడియారం. మధ్యలో మరిచిపోవడానికి సందు ఉండాలి, మరిచిపోతేనే మళ్లీ కనిపించినప్పుడు పలకరింపు. ఇప్పుడు ఆదివారానికి రెండే.

పోయిన ఆదివారం రెండూ అయిపోయాక, గుంటూరు రైలుకు టైమైందని బావ చాప మీంచి లేచి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి చేతులు చాపి "బ్యాట్!" అన్నాడు. అత్త వంటింట్లోంచి తెచ్చి చేతిలో పెట్టింది. ఈసారి ఫుల్ ఛార్జింగ్.