బేర్ బ్యూట్ ఎక్కే ముందు

వేసవి సెలవుల్లో అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ కొండ చూడ్డానికి అమెరికాలోని సౌత్ డకోటా వెళ్లే మనవాళ్లలో కొందరు, స్టర్జిస్ ఊరి దగ్గరున్న బేర్ బ్యూట్ అనే కొండ కూడా ఎక్కేసి రావాలనుకుంటారు. తప్పకుండా ఎక్కండి. పైకి ఒకవైపు దారి రెండు మైళ్లలోపే. అయితే ఆ కొండ ఎలా పుట్టిందో, ఎవరికి పవిత్రమో తెలుసుకుని వెళ్లండి. అక్కడ పడాల్సిన జాగ్రత్తలన్నీ ఆ రెండింటి నుంచే వస్తాయి.

దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి లేచిన శిలాద్రవం ఇక్కడ బయటికి పొంగలేదు. పైనున్న అవక్షేప శిలల పొరలను గుమ్మటంలా పైకి నెట్టి, లోపలే చల్లారి గట్టిపడింది. తర్వాత వాన, గాలి, మంచు ఆ మెత్తని పొరలను కొట్టుకుపోయేలా చేశాయి. లోపలి గట్టి రాయి మిగిలింది. అదే ఈ కొండ. సముద్రమట్టానికి 4,426 అడుగుల ఎత్తు. చుట్టూ గడ్డి మైదానం, దాని మీద దాదాపు 1,200 అడుగుల మేర ఒంటరిగా లేచి ఉంటుంది. బ్లాక్ హిల్స్ వరుసకు కాస్త ఎడంగా ఉంది కాబట్టి చుట్టూ ఉన్న మైదానంలో ఇంత ఎత్తైనది ఇంకేదీ కనబడదు.

పిడుగుల భయం అందుకే. జూన్, జులై నెలల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు, వడగళ్లు తరచూ వస్తాయి. తెల్లవారుజామునే మొదలుపెట్టి, పదకొండు కల్లా కిందికి దిగేలా చూసుకోండి. పడమర ఆకాశం నల్లబడితే, శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు మీ దాకా వచ్చే దూరంలోనే ఉన్నట్టు. దిగి కారెక్కి అద్దాలు మూసుకోండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఒంటరి చెట్టు కిందా, రాతి మొనల దగ్గరా నిలబడొద్దు.

నీడ మీద ఆశ పెట్టుకోకండి. 1996లో వచ్చిన కార్చిచ్చు ఇక్కడి పైన్ చెట్లలో చాలా భాగాన్ని కాల్చేసింది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, టోపీ తప్పనిసరి. అగ్గిపుల్ల, సిగరెట్ మాత్రం బయటికే తీయొద్దు. ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పగుళ్లలో నీరు చేరి గడ్డకట్టడం, కరగడం వల్ల రాళ్లు విరిగి వాలుల మీద గుట్టలుగా పడి ఉంటాయి. పిల్లలు అడ్డదారిన దిగితే కింద నడిచేవాళ్ల మీదికి దొర్లుతాయి. ఆ రాళ్ల సందుల్లోనే రాటిల్ స్నేక్ అనే విషపాము దాక్కుని ఉంటుంది. చేయి పెట్టే చోట, కూర్చునే చోట ముందు చూడండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు తీసి, ఆ కాలినో చేతినో కదలనీయకుండా ఉంచి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. కింద బైసన్ (అమెరికా అడవి దున్న) మంద కనిపిస్తే కనీసం 100 గజాల దూరంలోనే ఉండండి. మందకొడిగా కనిపిస్తాయి గానీ, మనం పరుగెత్తి తప్పించుకోలేనంత వేగం వాటిది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మరోటి ఉంది. ఈ ప్రాంతపు ఆదివాసీ తెగలైన లకోటాలకూ షయెన్‌లకూ ఈ కొండ పవిత్రమైనది. లకోటాలు దీన్ని మాతో పాహా అంటారు. షయెన్‌ల నమ్మకం ప్రకారం వాళ్ల ప్రవక్త స్వీట్ మెడిసిన్‌కు నాలుగు పవిత్ర బాణాలు దొరికింది ఇక్కడే. 1857లో లకోటా తెగల పెద్దలు ఈ కొండ దగ్గరే కూడి, చొచ్చుకొస్తున్న తెల్లవాళ్లను ఎలా అడ్డుకోవాలో మాట్లాడుకున్నారు. 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దండు బ్లాక్ హిల్స్‌లో బంగారం ఉందన్న వార్త బయటపెట్టాక, ప్రభుత్వం వాళ్లతో చేసుకున్న ఒప్పందాలు నీటి మూటలయ్యాయి. ఆ నేల వాళ్ల చేతుల్లోంచి పోయినా, కొండ మీద మొక్కులు, ఉపవాసాలు ఆగలేదు. చెట్లకు రంగు గుడ్డలు, పొగాకు పొట్లాలు కట్టి ఉంటాయి. మన గుళ్ల దగ్గర చెట్టుకు కట్టిన ముడుపుల్లాంటివే అవి. ముట్టుకోవద్దు, విప్పొద్దు, ఫోటో తీయొద్దు. ప్రార్థనలో ఉన్నవాళ్లు కనిపిస్తే గొంతు తగ్గించి, వాళ్లవైపు చూడకుండా దాటిపోండి. దారి తప్పి పక్కకు అడుగు పెట్టకండి. అరుపులు, డ్రోన్‌లు, స్పీకర్ పాటలు ఆ కొండ మీద ఎంతమాత్రం వద్దు.

ఆగస్టు మొదట్లో స్టర్జిస్‌లో మోటార్‌సైకిళ్ల ర్యాలీ జరుగుతుంది. ఆ రోజుల్లో రోడ్లు కిక్కిరిసిపోతాయి, గదులు దొరకవు. వీలుంటే వేరే వారం పెట్టుకోండి. బయల్దేరే ముందురోజు బేర్ బ్యూట్ స్టేట్ పార్కు కార్యాలయానికి ఫోన్ చేసి, దారి తెరిచి ఉందో లేదో, అగ్ని ప్రమాదం ఏ స్థాయిలో ఉందో కనుక్కోండి.