క్వారీ పక్క ఊళ్లకు డీఎంఎఫ్ నిధులు: దరఖాస్తు ఎలా పెట్టాలి

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల పక్కన ఉన్న ఊళ్ల కోసం విడిగా ఒక నిధి ఉంది. పేరు జిల్లా ఖనిజ ఫౌండేషన్, వాడుకలో డీఎంఎఫ్. 2015లో గనుల చట్టాన్ని సవరించి దీన్ని పెట్టారు. క్వారీ లీజుదారులు ప్రభుత్వానికి రాయి మీద కట్టే రాయల్టీ కాక దీనికీ కొంత కట్టాలి. ఎవరో దయతలచి ఇచ్చే డబ్బు కాదిది, మన ఊరి రాయి మీద వచ్చిందే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఇందులో కనీసం 70 శాతం తాగునీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం, చదువు, పారిశుధ్యం లాంటి ప్రాధాన్య రంగాలకే ఖర్చు పెట్టాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా, 25 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని పరోక్ష ప్రభావిత ప్రాంతంగా లెక్కిస్తారు. ముందుగా గనుల శాఖ జిల్లా కార్యాలయంలో మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

తర్వాతది గ్రామసభ తీర్మానం. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లోలాగా మన దగ్గర అది తప్పనిసరి కాదు. అయినా తీర్మానం లేకుండా వెళ్లొద్దనే నేను చెబుతాను. పదిమంది సంతకాల అర్జీకి, ఊరంతా కూర్చుని రాసిన తీర్మానానికి చాలా తేడా ఉంటుంది. దుమ్ము ఎక్కువగా పడే కాలనీ ఆడవాళ్లు, క్వారీ కూలీలు ఆ సభలో కూర్చునేలా చూడండి. బాధ వాళ్లదైతే పని పేరు చెప్పాల్సిందీ వాళ్లే.

తీర్మానంలో ‘మా ఊరికి నీళ్ల ఇబ్బంది ఉంది’ అని రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. ఇలా రాయండి: ‘ఎస్సీ కాలనీలో బడి పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితి దాటింది. పరీక్ష నివేదిక జతచేశాం. ఇన్ని ఇళ్లకు శుద్ధజల ప్లాంటు కావాలి. స్థలం పంచాయతీది, సర్వే నంబరు ఇది.’ నీటి పరీక్ష గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చేయించుకోవచ్చు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ క్వారీ వల్ల రాలేదు కదా అని ఎవరైనా అడ్డుచెబితే, ప్రభావిత గ్రామంలో తాగునీరే ఒక ప్రాధాన్య రంగమని గుర్తుచేయండి. పనికి ఖర్చు అంచనా గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చేత వేయించుకోండి.

వీటన్నిటినీ కలెక్టర్ పేరిట అర్జీకి జతచేసి సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వాలి. డీఎంఎఫ్ పాలకమండలికి కలెక్టరే అధ్యక్షులు. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు. ఆ నంబరు ఉంటే 1100కి ఫోన్ చేసి అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో అడగొచ్చు.

దుమ్ముకు పంట పోయింది, బావి పాడైంది, పరిహారం కావాలంటే దారి వేరు. నష్టం మొదలైన ఐదేళ్ల లోపు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ బెంచ్‌కు వెళ్లాలి.

పాలకమండలి సమావేశం జరిగినా మీ పని సంగతి తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ (సమావేశంలో తీసుకున్న నిర్ణయాల రికార్డు) కాపీ అడగండి. జిల్లా కార్యాలయంలో ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అక్కడి పై అధికారికి మొదటి అప్పీలు పెట్టుకోవచ్చు.