కార్చిచ్చు నేలల్లో మొలిచే కొయోట్ పొగాకు: ముందు జాగ్రత్తలు

అమెరికాలోని యూటా, నెవాడా, అరిజోనా ఎడారి దారుల్లో వేసవిలో కాలినడకకు బయలుదేరే తెలుగు కుటుంబాలు ఒక మొక్కను ముందే గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఒళ్లంతా జిగురు నూగుతో, సాయంత్రం విచ్చుకునే తెల్లని గొట్టపు పూలతో ఉండే ఆ మొక్క కొయోట్ పొగాకు, శాస్త్రీయ నామం నికోటియానా అటెన్యువేటా. దాని విత్తనాలు ఏళ్ల తరబడి నేలలో పడి ఉండి, కార్చిచ్చు పొగలోని రసాయనాలు సోకాక మొలకెత్తుతాయి కనుక, నిరుడు ఒక్కటీ లేనిచోట ఈ ఏడు గుంపుగా కనిపించవచ్చు.

అక్కడి ఆదివాసులైన పైయూట్ ప్రజలు జలుబుకు, ఉబ్బసానికి దీని పొగ పీల్చేవారు. నూరిన ఆకును వాపులపై కట్టేవారు. హోపీ, నవాహో, జూనీ అనే ఇతర ఆదివాసీ తెగల ప్రజలకు ఇది మందు మాత్రమే కాదు, పూజాద్రవ్యం కూడా. పంటినొప్పికి పొగాకు ముక్కను దవడన పెట్టుకునే పెద్దలను చూసి పెరిగిన మనకు ఈ వైద్యం కొత్తగా తోచదు, ఆ చనువే మనల్ని మోసం చేస్తుంది. పురుగు ఆకును కొరికితే ఈ మొక్క వేర్లలో నికోటిన్‌ను మరింతగా తయారుచేసి ఆకులకు పంపుతుంది. అందువల్ల పక్కపక్కనే ఉన్న రెండు మొక్కల ఘాటు కూడా ఒకటి కాకపోవచ్చు, "రెండాకులు చాలు" అనే కొలతకు ఇక్కడ అర్థం లేదు. కషాయం, పసరు కట్టు, పొగ, ఏదీ ప్రయత్నించవద్దు.

తాకడంలోనూ ప్రమాదం ఉంది. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తడి ఆకు కోసిన రోజున తల తిరిగి వాంతులు కావడం ప్రకాశం జిల్లా పొగాకు కూలీలకు తెలియని సంగతి కాదు. మంచులోనూ, వాన వెలిసిన వెంటనేనూ ఈ మొక్కల మధ్య నడవాల్సి వస్తే నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, తగిలిన చోటును సబ్బుతో కడగాలి, తడిసిన బట్టలు మార్చాలి.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మరొక మాట చెప్పి ఉంచాలి. గంగవాయిలి కనబడితే కోసుకొచ్చే అలవాటున్నవారు, కాలిఫోర్నియా, అరిజోనా రోడ్ల పక్కన పెరిగే చెట్టు పొగాకు లేత ఆకులను కూడా ఆకుకూర అనుకునే అవకాశం ఉంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్కకు నీలిఛాయ గల నున్నని ఆకులు, పసుపు గొట్టపు పూలు ఉంటాయి; అందులోని అనాబసిన్ అనే, నికోటిన్‌ను పోలిన విషం వల్ల, వండుకు తిన్నవారు మరణించిన ఉదంతాలున్నాయి.

లాలాజలం ఊరడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలైతే బలవంతంగా కక్కించకుండా 1-800-222-1222 విష సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. ఊపిరి అందకపోయినా, ఫిట్స్ వచ్చినా నేరుగా అత్యవసర నంబరు 911కు చేయాలి. మొక్క ఫోటో తీసి ఉంచితే వైద్యుల పని తేలికవుతుంది.