పాత సర్కారు కాగితాలు చదవడం – 4వ పాఠం: నేరానికి పెట్టిన పేరు

ఉత్తర్వు చేతికి రాగానే తేదీ, ఇచ్చినవాళ్లు ఎవరు, ఎవరి మీద ఇచ్చారు అన్నవి రాసుకోవాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి ఒక్క మాట దగ్గరే ఆగుదాం.

1526 మార్చి 7న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగర మండలి ఒక ఉత్తర్వు వేసింది. ఇకమీదట ఎవరైనా ఎవరికైనా మళ్లీ బాప్తిస్మం ఇస్తే నీళ్లలో ముంచి చంపుతామన్నది దాని సారాంశం. పెన్సిల్ తీసుకుని 'మళ్లీ' కింద గీత గీయండి.

ఆ 'మళ్లీ' ఎవరి మాట? మండలిది. పసిబిడ్డకిచ్చిన బాప్తిస్మం చెల్లుతుందని నమ్మేవాళ్లకే, పెద్దయ్యాక తీసుకున్నది రెండోది అవుతుంది. జ్యూరిక్‌లో పెద్దవాళ్లకు బాప్తిస్మం ఇవ్వడం మొదలుపెట్టిన ఫెలిక్స్ మాన్జ్, కోన్రాడ్ గ్రేబెల్, జార్జ్ బ్లౌరాక్‌ల లెక్క వేరు. తెలిసి, నమ్మి తీసుకున్నదే బాప్తిస్మం అన్నారు వాళ్లు. అంటే వాళ్లకు అదే మొదటిది. 'అనబాప్టిస్టులు' అంటే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లని అర్థం. ఆ పేరు తగిలించింది ఎదుటి పక్షం. వాళ్లు మాత్రం ఒకరినొకరు సహోదరులనే పిలుచుకున్నారు. (మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలు చాలామందికి తెలుసు. వాటి వేళ్లు అనబాప్టిస్టు ఉద్యమంలోనే ఉన్నాయి.)

పేరే కదా అని వదిలేయకండి. రెండోసారి బాప్తిస్మం ఇస్తే మరణశిక్ష అని పాత రోమన్ చట్టంలో ఉంది. 'మళ్లీ' అన్న మాట అంటుకుందంటే శిక్ష కూడా దాని వెనకే వస్తుంది. మొదట్లో ఇలాంటి కాగితాలు చదివేటప్పుడు నేనూ ఆ మాటను చూడకుండా దాటిపోయాను. మీరు దాటొద్దు.

ఇప్పుడు అంతకుముందు ఉత్తర్వును పక్కన పెట్టండి. 1525 జనవరి 18 నాటిది. బాప్తిస్మం కాని బిడ్డలకు ఎనిమిది రోజుల్లో ఇప్పించాలి, లేదంటే ఊరు విడిచిపోవాలి. మూడు రోజులకే, జనవరి 21న, గ్రేబెల్ చేతుల మీదుగా బ్లౌరాక్ బాప్తిస్మం తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి బహిష్కరణ కాస్తా చావైంది. శిక్ష పెరిగిందంటే ముందు వేసిన ఉత్తర్వును జనం లెక్కచేయలేదని అర్థం. ఆ సంగతి కాగితంలో ఎవరూ రాయరు, రెండు తేదీల మధ్య మనమే చదువుకోవాలి.

1527 జనవరి 5న మాన్జ్‌ను పడవలో లిమ్మత్ నదిలోకి తీసుకెళ్లారు. చేతులు కట్టి మోకాళ్ల కిందికి దించి, మోకాళ్లకూ మోచేతులకూ మధ్య కర్ర దూర్చి నీళ్లలోకి తోశారు. ఆస్తి నగరానికి జప్తు. ఒడ్డున తల్లి, సోదరుడు నిలబడి విశ్వాసం వదలొద్దని ధైర్యం చెబుతున్నారు. అదే రోజు బ్లౌరాక్‌ను బెత్తాలతో కొడుతూ ఊరి గేటు దాకా తరిమి వదిలేశారు. అతను జ్యూరిక్ పౌరుడు కాదు. ఇద్దరి నమ్మకమూ ఒకటే, శిక్షలు మాత్రం రెండు. మండలికి దేవుడి విషయం ఎంత ముఖ్యమో, తన పౌరుడు తన మాట కాదనడం కూడా అంతే ముఖ్యమని నాకు ఇక్కడే తెలిసొచ్చింది.

అభ్యాసం: 1529లో జర్మనీలోని స్పేయర్ నగరంలో కూడిన పవిత్ర రోమన్ సామ్రాజ్య సభ ఉత్తర్వు సారాంశం ఇది: 'మళ్లీ బాప్తిస్మం ఇచ్చినవాళ్లనూ పుచ్చుకున్నవాళ్లనూ, ఆడైనా మగైనా, మత న్యాయాధికారుల విచారణ లేకుండానే చంపాలి.' ఇందులో నేరం పేరును ముద్దాయిల మాటల్లో తిరగరాయండి. ఏ మెట్టును తీసేశారో గుర్తించి, అది తీసేస్తే ఎవరి పని సులువవుతుందో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.